పుట్టినరోజుల పంపకం

కిందటి శనివారం సాయంత్రం కాలింగ్ బెల్ మోగితే వెళ్లి తలుపు తీశాను. హెల్మెట్ కూడా తీయని కుర్రాడొకడు నా చేతిలో కేకు డబ్బా పెట్టి, నేను నోరు తెరిచేలోపే రెండేసి మెట్లు చొప్పున దిగి వెళ్లిపోయాడు. మా ఇంట్లో ఆ నెలలో పుట్టినవాళ్లెవరూ లేరు. డబ్బా మీద అతికించిన చీటీ చూస్తే అది పై అంతస్తుకి వెళ్లాల్సిన కేకని అర్థమైంది. మెట్ల మీద ఎవరైనా కనిపిస్తే నాలుగు మాటలు మాట్లాడొచ్చన్న ఆశ నాకెప్పుడూ ఉంటుంది కాబట్టి, లిఫ్టు ఉన్నా, మోకాళ్లు వద్దంటున్నా నడిచే పైకి వెళ్లాను. తలుపు తీసిన అమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే నవ్వింది, కళ్లతోనే థాంక్స్ చెప్పింది, కేకు అందుకుని తలుపు వేసేసింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, మర్యాదగానే ఉంది. పుట్టినరోజు తనదేనా అని అడగడానికి మాత్రం నాకు వ్యవధి దొరకలేదు.

ఆ గుమ్మం ముందు కాసేపు అలాగే నిలబడిపోయాను. ఇరవై ఏళ్ల కిందట ఆ అంతస్తులో తలుపులు వేసి ఉండగా నేనెన్నడూ చూడలేదు. అప్పుడక్కడ ఆడపిల్లల హాస్టల్ ఉండేది. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ అని రంగు కాగితాలు అతికించి ఉండే రోజులవి. ఒకదాని మీద ఒకటి అతికించీ అతికించీ మా సందు మొదట్లో కరెంటు స్తంభం ఒళ్లు చేసిందని మా వారు అంటుండేవారు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంకా పాలవాడు రాకముందే క్లాసులకు పరిగెత్తే పిల్లలు, జిరాక్స్ షాపుల దగ్గర జాతరలా జనం, టీ బండి దగ్గర నిలబడితే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాల యాసలూ ఒకేసారి చెవిన పడటం. ఉద్యోగం వచ్చిందా అన్నదే అప్పట్లో అక్కడ కుశలప్రశ్న.

మేం తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్లం. మా వారికి మాసబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరు ఉద్యోగం, నాకు సోమాజిగూడలో ఒక పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే పని. రోజంతా ఇతరుల తప్పులు వెతకడమే వృత్తి కావడంతో ఇంటికొచ్చాక కూడా నాకు ఆ అలవాటు పోయేది కాదని మా పిల్లలు దెప్పేవారు. ముఖ్యంగా పై హాస్టల్ పిల్లల విషయంలో నా చూపు చాలా పదునుగా ఉండేది. పొద్దున్నే ట్యాంకు ఖాళీ చేసేది వాళ్లే, మేడమీద నేను బట్టలారేసే తీగ మీద ముందే తమ చున్నీలు పరిచేది వాళ్లే, మెట్ల మీద గలగలా నవ్వుతూ దిగి మా వారి ఆదివారం మధ్యాహ్నపు కునుకు చెడగొట్టేది వాళ్లే. నేను మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి గట్టిగా ఒక్క కేక వేశానంటే అంతస్తు అంతా నిశ్శబ్దమైపోయేది, తరవాత ఎవరో కిసుక్కుమనేవారు, నాకు మళ్లీ ఒళ్లు మండేది.

మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి పెద్దది, అబ్బాయి దానికంటే రెండేళ్లు చిన్న. ఇద్దరూ ఆగస్టులోనే, నాలుగు రోజుల తేడాతో పుట్టారు. ఇద్దరూ పసివాళ్లుగా ఉన్నప్పుడు, ఒకే వారంలో రెండుసార్లు పదిమందిని పిలవడం, రెండుసార్లు గోడలకి రంగుకాగితాలు కట్టడం ఎందుకని, మధ్యలో ఒక ఆదివారం చూసి ఇద్దరికీ కలిపి ఒకే వేడుక చేయడం మొదలుపెట్టాం. అసలు రోజున ఎవరి తలంట్లు వాళ్లకుండేవి, కుంకుడుకాయ రసం కళ్లల్లో పడి ఏడవడం, కొత్తబట్టలు, దేవుడి ముందు దీపం, పరమాన్నం, అక్షింతలు, అన్నీ ఎవరివి వాళ్లకే. కేకు మాత్రం ఇద్దరికీ ఒకటే. బేకరీ అతను ఇద్దరి పేర్లూ ఇరికించేసరికి చివర ఒక అక్షరం ఎప్పుడూ అంచు దాటి పక్కకి జారేది. గుడ్డు వేయని కేకు కోసం మా వారు రెండు రోజుల ముందే వెళ్లి చెప్పి వచ్చేవారు. కొవ్వొత్తులు ఊది ఆర్పడం మాత్రం మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ఒప్పుకోలేదు. పుట్టినరోజు పూట దీపం ఆర్పడమేంటి, అపశకునం అనేది ఆవిడ. అందుకని మా ఇంట్లో కొవ్వొత్తులు వెలుగుతుండగానే కేకు కోసేవాళ్లం, మైనం బొట్లు పడ్డ ముక్కలు పెద్దవాళ్ల పళ్లాల్లోకి వచ్చేవి. ఆవిడ పోయాక కూడా ఆ పద్ధతే నిలిచిపోయింది.

అమ్మాయి పదో తరగతికి వచ్చింది. ఆ జూలైలో ఒకరోజు భోజనాల దగ్గర, తనకి ఇక నుంచి తన పుట్టినరోజు తనకి కావాలని ప్రకటించింది. పదిహేనేళ్లు నిండుతున్న మనిషి, చిన్నపిల్లాడితో కలిసి కేకు కోస్తే స్నేహితురాళ్లు నవ్వుతున్నారట. పైగా మధ్యలో ఆదివారం అనేది అసలు ఎవరి పుట్టినరోజూ కాదు కదా అని లా పాయింటు కూడా తీసింది. మా వారు ఆఫీసు ఫైలు చూసినట్టే గంభీరంగా విని, ఆస్తి పంపకానికి రెండో వాటాదారు అభ్యంతరం ఏమైనా ఉందా అని అబ్బాయి వైపు తిరిగారు. వాడు కంచంలో పెరుగన్నం కలుపుతూ, లేదు నాన్నా, నాకూ నా కేకు నాకే కావాలి అన్నాడు. ఇద్దరూ అంత సామరస్యంగా ఒక మాట మీదికి రావడం అంతకుముందు నేను చూసి ఎరుగను. ఆ రకంగా మా ఇంట్లో పుట్టినరోజుల పంపకం పూర్తయింది.

అమ్మాయి పుట్టినరోజు ఘనంగా జరిగింది. స్కూల్ నుంచి అరడజను మంది వచ్చారు, గది తలుపు వేసుకుని రెండు గంటలు నవ్వారు, మధ్యమధ్యలో తలుపు తీసి బజ్జీల పళ్లెం లోపలికి లాక్కున్నారు. కేకు కోసేటప్పుడు తప్ప నన్ను లోపలికి రానివ్వలేదు. కొవ్వొత్తులు మాత్రం ఊది ఆర్పలేదు, మా ఇంట్లో ఇంతే అని అదే స్నేహితురాళ్లకి గొప్పగా చెప్పుకుంది. ఆ సాయంత్రమంతా మా వాడు బాల్కనీలో కూచుని కామిక్స్ చదువుకున్నాడు. పిలిస్తే వచ్చి కేకు తిని మళ్లీ వెళ్లిపోయాడు.

నేను వాడిని, మరి నీ రోజుకి ఎంతమందిని పిలుస్తున్నావురా అని అడిగాను. ఎనిమిది మందిని అన్నాడు, పుస్తకంలోంచి తలెత్తకుండానే. నాకు సంతోషం వేసింది. ఎందుకంటే ఆ జూన్‌లోనే వాడిని కొత్త స్కూల్లో వేశాం. ఏడో తరగతి వరకు మా సందులోనే ఉన్న చిన్న స్కూల్లో చదివాడు, ఆపైన అక్కడ తరగతులు లేవు. అందుకని ఎనిమిదిలో పంజాగుట్టలో వాళ్లక్క చదివే పెద్ద స్కూల్లో చేర్పించాం. పాత నేస్తాల్లో ఒకడు తండ్రికి బదిలీ అయి విశాఖపట్నం వెళ్లిపోయాడు, ఇంకొకణ్ణి ఎక్కడో రెసిడెన్షియల్‌లో వేశారు. మా వాడు ముందే మితభాషి, అడిగితే తప్ప తనకేం కావాలో చెప్పడు. కొత్త చోట ఎలా ఇముడుతాడో అని లోలోపల బెంగగా ఉండేది నాకు. రెండు నెలల్లో ఎనిమిది మందిని సంపాదించాడంటే ఫరవాలేదు అనుకున్నాను.

వాడి రోజున నేను మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. పదమూడేళ్ల మగపిల్లలు ఎనిమిది మందంటే తిండి దగ్గర ఇరవై మంది కింద లెక్క కాబట్టి, పెద్ద గిన్నె నిండా పులిహోర కలిపాను, సేమ్యా పాయసం చేశాను, బజ్జీలకి పిండి కలిపి పెట్టాను, సమోసాలు, చిప్స్ బయటి నుంచి తెప్పించాను. మా వారు ఆఫీసు నుంచి త్వరగా వచ్చి బల్ల మీదెక్కి రంగుకాగితాలు కట్టారు. అంతా సిద్ధమయ్యేసరికి వాన మొదలైంది. హైదరాబాద్ ఆగస్టు వాన సంగతి మీకు చెప్పేదేముంది, అరగంటలో మా సందు కాలువ అయిపోయింది, పంజాగుట్ట నుంచి వచ్చే రోడ్డంతా బండ్లు మొరాయించి నిలబడిపోయాయి. ఈ వానలో ఏ తల్లి పిల్లల్ని బయటికి పంపుతుంది? నేను నీరసపడి వంటింట్లో పీట మీద కూచున్నాను.

విచిత్రమేంటంటే మా వాడు మాత్రం హుషారుగా ఉన్నాడు. స్కూల్ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చినవాడు, చినుకులు పెద్దవయ్యేకొద్దీ తేటపడుతూ వచ్చాడు. బాల్కనీలో నిలబడి, ఇప్పట్లో తగ్గదులే అమ్మా, రాత్రంతా పడుతుంది, ఎవరూ రాలేరు పాపం అంటున్నాడు. పుట్టినరోజు వానపాలవుతుంటే ఇంత సంబరపడే పిల్లాడు ఎక్కడైనా ఉంటాడా? వీడికి జ్వరం గాని వస్తోందేమో అని నుదురు తాకి చూశాను కూడా.

అమ్మాయి ట్యూషన్ నుంచి ముద్దగా తడిసి వచ్చింది. తల తుడుచుకుంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, వాడెవర్నీ పిలవలేదే."

వాళ్ల స్కూల్లో ఒక పద్ధతి ఉండేది, మీ పిల్లల స్కూళ్లలోనూ ఉండే ఉంటుంది. పుట్టినరోజున యూనిఫామ్ మానేసి రంగు డ్రెస్సు వేసుకోవచ్చు. క్లాసులో అందరికీ చాక్లెట్లు పంచాక, టీచర్లకి ఇవ్వడానికి మిగతా క్లాసులకి కూడా వెళతారు. అలా వెళ్లేటప్పుడు తోడుగా ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్లొచ్చు. పాఠం ఎగ్గొట్టి స్కూలంతా తిరిగే ఆ అదృష్టం కోసం పిల్లలు ముందురోజు నుంచే, నన్ను తీసుకెళ్లరా నన్ను తీసుకెళ్లరా అని వెంటపడతారు. అమ్మాయి వాళ్ల పదో తరగతి టీచర్‌కి చాక్లెట్ ఇవ్వడానికి మా వాడు వచ్చాడట. నీలం చొక్కా వేసుకుని, రెండు చేతులతో డబ్బా పట్టుకుని, ఒక్కడే వచ్చాడట. నీతో ఎవరూ రాలేదా నాన్నా అని టీచర్ అడిగితే, వాడు నవ్వి వెళ్లిపోయాడట.

అది చెబుతూ మా అమ్మాయి ఏడ్చింది. ప్రతి ఏడూ మన ఇంటికి వచ్చేదంతా నా ఫ్రెండ్సే కదమ్మా, నేను పంపకం అడగ్గానే వాడికి ఎవరూ లేకుండా పోయారు, వాన పడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే సాయంత్రమంతా గుమ్మం వైపు మనం చూస్తుంటే వాడు ఏం చెప్పేవాడు అంది. అప్పుడు గానీ నాకు వాడి సంబరం అర్థం కాలేదు. ఎనిమిది మంది వస్తారని నేను రెండు వారాలుగా ఆఫీసులో, కూరల బండి దగ్గర, ఫోన్‌లో మా అక్కతో, దొరికినవాళ్లందరికీ చెప్పుకున్నాను. నేను మురిసిపోయిన కొద్దీ వాడికి నిజం చెప్పే దారి మూసుకుపోయి ఉంటుంది.

నేను కళ్లొత్తుకునేలోపే మా అమ్మాయి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. మెట్ల మీద దాని అడుగుల చప్పుడు కిందికి కాకుండా పైకి వినిపించింది. అది ఎక్కడికి వెళ్లిందో అర్థమైంది. అంతకు రెండు రోజుల ముందే ట్యాంకు నీళ్ల మీద ఆ హాస్టల్ వాళ్లతో నాకు పెద్ద రగడ అయింది. ఏ మొహం పెట్టుకుని వాళ్లని పిలవను అని నేను తల పట్టుకుంటుండగానే మెట్ల మీద ఆ గలగలలు మొదలయ్యాయి.

ఎంతమంది వచ్చారో లెక్కపెట్టలేదు గానీ మా హాలు నిండి, ముందు గది నిండి, ఇద్దరు ముగ్గురు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వానలో క్లాసులు లేక అందరూ గదుల్లోనే ఉన్నారట. తడి జుట్లకి తువ్వాళ్లు చుట్టుకున్నవాళ్లు, నైటీల మీద చున్నీలు వేసుకున్నవాళ్లు, మర్నాడు ఇంటర్వ్యూ ఉందని మొహానికి పసుపు పెరుగూ పట్టించుకున్నది ఒకతె, అది కడుక్కోకుండానే వచ్చేసింది. మా వారు లుంగీ సవరించుకుంటూ పడక గదిలోకి పారిపోయారు. మా వాడు ఆ దండు చూసి బాల్కనీలోకి ఉరికి తలుపు వెనక నక్కాడు. వాళ్లలో కరీంనగర్ వైపు పిల్ల ఒకతె ఉండేది, నేను కేక వేసినప్పుడు కిసుక్కుమనేది ఎక్కువగా తనేనని నా అనుమానం. ఆ పిల్ల తిన్నగా బాల్కనీ దగ్గరికి వెళ్లింది.

"ఏంది తమ్మీ, పుట్టినరోజు పెట్టుకొని గిట్ల దాక్కున్నవ్? జర బయటికి రా. ఫికర్ చెయ్యకు, గిఫ్ట్ సుత తెచ్చినం."

గిఫ్టంటే ఎవరి గదిలో ఏముంటే అది. కొత్త పెన్ను, సగం వాడిన సెంటు సీసా, నూడుల్స్ పొట్లం, ఊరి నుంచి వచ్చిన సకినాలు, ఒక ఫ్లాపీ. మా ఇంట్లో అప్పటికి కంప్యూటర్ లేదు, అయినా ఆ ఫ్లాపీని మా వాడు చాలా ఏళ్లు బట్టల బీరువాలో భద్రంగా దాచుకున్నాడు. చెవులదాకా ఎర్రబడి బయటికి వచ్చాడు. అందరూ తలా ఒక మాట వేసి వాడిచేత నవ్వించారు. ఇంతలో హాస్టల్ నడిపే ఆవిడ కూడా దిగి వచ్చింది. ఆవిడ క్రైస్తవురాలు, గుంటూరు మనిషి, పిల్లలంతా ఆంటీ అనేవారు. ఖాళీ చేతులతో ఎలా వస్తానండీ అని ఆ రాత్రికి హాస్టల్‌లో వండిన సాంబారు గంగాళం, అన్నం డేగిసా ఇద్దరు పిల్లలచేత మోయించుకు వచ్చింది. తరవాత నా వైపు తిరిగి, మా ఇళ్లల్లో ప్రార్థన చేయకుండా కేకు కోయం, మీకేం అభ్యంతరం లేకపోతే ఒక్క నిమిషం బాబు కోసం ప్రార్థన చేయనా అని అడిగింది. చేయండి అన్నాను, ఇంకేమంటాను? ఆవిడ వాడి తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డకి మంచి స్నేహితుల్ని అనుగ్రహించు ప్రభువా అంది. మా అమ్మాయి ఆవిడకి ఏం చెప్పిందో ఏమో నాకు తెలియదు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్లి బాణలి పొయ్యి మీద పెట్టి, పొగ కళ్లల్లోకి పోయిందన్నట్టు కొంగుతో తుడుచుకున్నాను.

కొవ్వొత్తులు వెలుగుతుండగా కేకు కోస్తుంటే ఆ పిల్లలు ఆశ్చర్యపోయారు, కారణం విని మరీ సరదాపడ్డారు. పులిహోర గిన్నె అడుగంటింది. బజ్జీలు వేసినవి వేసినట్టే మాయమయ్యాయి. ఇంటి పులిహోర తిని ఆరు నెలలైందని ఒక పిల్ల, మా అమ్మ ఇంకొంచెం పులుపు వేస్తుంది ఆంటీ అని ఇంకొక పిల్ల. నాకు వంకపెట్టిన ఆ రెండో పిల్ల మీద కోపం రాకపోగా ముద్దొచ్చింది. హాస్టల్ సాంబారు మాత్రం వాళ్లెవరూ ముట్టుకోలేదు. అందులో ముక్కలు వెతకడానికి గజ ఈతగాళ్లు కావాలని కరీంనగర్ పిల్ల అంటే ఆంటీ కూడా నవ్వింది. అంత నవ్వుల్లోనూ మా వాడి గొంతు వినిపించింది. పిల్లలకి తన కామిక్స్ కథ ఏదో చెబుతున్నాడు, వాడు అంతసేపు ఆపకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు వాడు క్లాసులో, మా ఇంటికి నిన్న హాస్టల్ మొత్తం వచ్చిందని ఎలాగో నోరు విప్పి చెప్పాడట. ఎవరూ నమ్మలేదు. కోతలు కోస్తున్నాడని, ఇద్దరు కుర్రాళ్లు ఆ ఆదివారం తేల్చుకుందామని మా ఇంటికే వచ్చారు. వచ్చినవాళ్లకి మెట్ల మీద అక్కలు నలుగురు ఎదురై, మా తమ్మునికి దోస్తులా మీరు అని చెవులు మెలేసి పలకరించారట. ఆ ఇద్దరూ తరవాత మా ఇంట్లో ఎన్ని మధ్యాహ్నాలు గడిపారో, ఎన్ని గిన్నెలు ఖాళీ చేశారో చెప్పలేను. నేను కూడా మెట్ల దగ్గర కేకలు వేయడం చాలావరకు తగ్గించాను. నీళ్ల విషయంలో మాత్రం రాజీపడలేదు.

తరవాతి ఏడు అమ్మాయి పదో తరగతి పాసయింది. సందు చివర ఇంటర్నెట్ సెంటర్‌లో ఫలితాలు చూడటానికి మేం నలుగురం వెళితే, వెనక హాస్టల్ పిల్లలు కూడా వచ్చారు, సెంటర్ అతను తోపులాటకి భయపడి షట్టర్ సగం దించాడు. మంచి మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రం ఆంటీ పైన కృతజ్ఞతా కూడిక పెట్టి అందరిచేతా ప్రార్థన చేయించింది, నేను చక్రపొంగలి చేసుకుని వెళ్లాను. అప్పట్లో మార్కులు వచ్చిన పిల్లలకి మా వైపు వాళ్లం ఒకటే దారి చూపించేవాళ్లం కదా, ఊరి చివర రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ. మేమూ అంతే చేశాం. జూన్‌లో ట్రంకుపెట్టె, బకెట్టు, పరుపుచుట్టతో దింపి వచ్చాం. నెలకొక ఆదివారం మాత్రమే చూడనిచ్చేవారు. ఇల్లంతా బావురుమంటూ ఉండేది.

ఆగస్టు వచ్చింది. ఆ ఏడు అమ్మాయి పుట్టినరోజు సరిగ్గా చూడనిచ్చే ఆదివారమే పడటంతో మా ఆనందానికి అంతులేదు. ముందురోజు నేను దానికిష్టమని ఒక డబ్బాకి సరిపడా పులిహోర, చిన్న గిన్నెడు పాయసం చేద్దామని సామాన్లు తీస్తుంటే మా వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇది చాలదమ్మా, పెద్ద గిన్నె తియ్యి అన్నాడు. ఎందుకురా అన్నాను. అక్క ఎవర్నీ పిలిచి ఉండదు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వాగుడుకాయ ఈపాటికి కాలేజీ అంతటికీ చాటింపు వేసి ఉంటుందన్నాను.

"కొత్త చోట ఇవాళ నా పుట్టినరోజు అని మనంతట మనం ఎలా చెప్పుకుంటామమ్మా? వాళ్లు అడగాలి కదా."

వాడు అంత మామూలుగా అన్నాడు ఆ మాట. నేను అటక మీంచి పెద్ద గిన్నె దింపాను. మర్నాడు ఆటోలో మా ఇద్దరి కాళ్ల మధ్య పులిహోర గిన్నె, వాడి ఒళ్లో కేకు, వెనక స్కూటర్ మీద మా వారు. కాలేజీలో తల్లిదండ్రుల కోసం ఒక రేకుల షెడ్డు ఉండేది, సిమెంటు బెంచీల మీద ఎవరి కుటుంబం వాళ్లు గుంపులుగా కూచుని, ఎవరి డబ్బాలు వాళ్లు విప్పుకుని తింటుండేవారు. మా అమ్మాయి వచ్చింది. చిక్కిపోయింది, కళ్ల కింద నల్లబడింది, నన్ను చూసి నవ్వింది గానీ అది దాని నవ్వు కాదు. నీ స్నేహితురాళ్లని పిలువు తల్లీ, కేకు కోద్దాం అన్నాను. అది నేల చూపులు చూసింది. వాళ్లందరికీ ఇవాళ ఇంటివాళ్లు వచ్చారులే అమ్మా, మనమే కోసుకుందాం అంది. అవునా, ఎవరికీ చెప్పలేదా అని అడగబోయి, ఎందుకో ఊరుకున్నాను.

మా వాడు ఊరుకోలేదు. స్కూలంతా చాక్లెట్ డబ్బాతో ఒంటరిగా తిరిగి, నోరు విప్పి ఒక్కణ్ణి కూడా పిలవలేక, వానకి దణ్ణం పెట్టుకున్న ఆ పిల్లాడు, ఏడాది తిరక్కుండా ఆ సిమెంటు బెంచీ ఎక్కి నిలబడ్డాడు. గొంతు అప్పుడప్పుడే బొంగురుపోతున్న వయసు, మొదటి మాట కీచుగా వచ్చింది.

"అక్కలూ, ఇవాళ మా అక్క పుట్టినరోజండీ! పులిహోర ఉంది, కేకుంది, అందరూ రండి!"

మా అమ్మాయి సిగ్గుతో చున్నీలో మొహం దాచుకుంది. ముందుగా కదిలి వచ్చింది, ఆ రోజు ఇంటి నుంచి ఎవరూ రాక గోడ వారగా నిలబడి మిగతావాళ్లని చూస్తున్న పిల్లలు. వాళ్ల వెనక ఇంకొందరు, తరవాత తల్లులు కూడా తమ డబ్బాలు పట్టుకుని వచ్చారు. ఏ డబ్బాలోది ఎవరు తిన్నారో తెలియదు. ఆ రోజు గోడ వారగా నిలబడ్డవాళ్లలో ఒక పిల్ల తరవాత మా అమ్మాయికి ప్రాణస్నేహితురాలైంది, రెండేళ్ల ఆ చదువు వాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకునే ఈదారు. మేం బయల్దేరేటప్పుడు అమ్మాయి తమ్ముడి మెడ చుట్టూ చేయి వేసి, వచ్చే ఏడు నుంచి మళ్లీ కలిపే చేసుకుందాంరా అంది. వాడు సరేనని, అయితే కేకు మీద నా పేరు ముందుండాలి అన్నాడు.

హాస్టల్ పిల్లలు ఒక్కొక్కరే ఉద్యోగాలు వచ్చి వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు, వాళ్లూ వెళ్లిపోయారు. కరీంనగర్ పిల్ల వెళ్లేటప్పుడు నా కాళ్లకి దణ్ణం పెట్టి, మీ కేకలు మస్తు యాదికొస్తయ్ ఆంటీ అంది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. మా పిల్లలిద్దరికీ పిల్లలున్నారు, వాళ్ల పుట్టినరోజులకి హాళ్లు బుక్ చేస్తారు, పిలుపులు ఫోన్‌లో ఒకేసారి వందమందికి వెళతాయి, రాలేమన్న కబురు కూడా చిన్న బొమ్మ రూపంలో వస్తుంది. అంతా చక్కగానే జరుగుతుంది, నేను పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూచుంటాను. కానీ నాకొకటి అనిపిస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో అమీర్‌పేటలో అందరం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లమే, ఎవరూ పిలవకపోతే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో మా అందరికీ తెలుసు, అందుకే పిలిచేవాళ్లం, పిలిస్తే వెళ్లేవాళ్లం. ఇప్పుడు మేమంతా ఇక్కడివాళ్లమైపోయాం, ఎవరింట్లోనైనా అడుగు పెట్టాలంటే పిలిచారో లేదో ముందు చూసుకుంటున్నాం.